జుంబేర్ పంపిన వైన్

గురువారం మధ్యాహ్నం వచ్చిందంటే ఇటలీలో బారి ఊళ్ళోని ముసలివాళ్ళకి దిక్కు తోచదు. వాళ్ళని లేపి, కడిగి, తినిపించి, మందులు మింగించి, తిట్లు తిని పడుకోబెట్టే జార్జియా ఆడవాళ్ళందరికీ ఆ పూట సెలవు. సెలవు దొరికిన ఆడవాళ్ళు సముద్రం ఒడ్డున కార్లు ఆపుకునే ఖాళీ మైదానానికి చేరతారు. స్వదేశం నుంచి వచ్చిన తెల్ల వ్యాన్లు అక్కడ వరసగా నిలబడి ఉంటాయి. ఇంటినుంచి వచ్చిన పెట్టెలు దించుకోవడం, ఇంటికి పంపే పెట్టెలు ఎక్కించడం, మధ్యలో నాలుగు మాటలు సొంత భాషలో గట్టిగా మాట్లాడుకోవడం, అదే వాళ్ళకి తిరునాళ్ళు.

లమారా ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంది. కాగితాలు లేని మనిషి ఎలా బతకాలో ఆవిడని చూసే నేర్చుకోవాలి. రోడ్డు మీద పురుగు లేకపోయినా ఎర్రదీపం ఉంటే ఆగుతుంది. బస్సెక్కితే టిక్కెట్టు కొట్టిందో లేదో రెండుసార్లు చూసుకుంటుంది. ఎవడైనా కాలు తొక్కితే తనే క్షమించమంటుంది. జ్వరం వస్తే ఆసుపత్రి గుమ్మం తొక్కదు, వెల్లుల్లి నమిలి దుప్పటి కప్పుకుంటుంది. సొంత ఊళ్ళో ఉన్నప్పుడు ఒక కోడి బేరం దగ్గర సంత మొత్తం దద్దరిల్లేలా పోట్లాడిన మనిషి ఆవిడే. ఆ గొంతు ఏమైందో ఆవిడకే తెలియదు.

ఆ గురువారం ఆవిడ మైదానానికి చేరేసరికి ఏదో తేడాగా అనిపించింది. ఆడవాళ్ళున్నారు, పెట్టెలున్నాయి, గోల మాత్రం లేదు. గుంపులుగా నిలబడి గుసగుసలాడుతున్నారు. ఆవిడని చూడగానే ఒకామె మాట మింగేసింది.  తన చిన్నకొడుకు జాజాకి ఏమైనా అయిందేమో అనుకుంది లమారా.

వ్యాన్ డ్రైవరు ఒతారి ఆవిడ చెయ్యి పట్టుకుని వ్యాన్ వెనక్కి తీసుకెళ్ళాడు. మామూలుగా మనిషి కనిపిస్తే చాలు వేళాకోళం మొదలుపెట్టేవాడు, ఇవాళ కళ్ళెత్తి చూడటం లేదు.

"జుంబేర్ పోయాడక్కా."

"ఏ జుంబేర్?" అంది లమారా, తెలిసే.

"మన ఎతేరి మొగుడు. మంగళవారం ద్రాక్షతోటలో కొమ్మలు కత్తిరిస్తూ, కాస్త అలుపుగా ఉందని గట్టు మీద కూర్చున్నాట్ట. మళ్ళీ లేవలేదు. నేనప్పుడు టర్కీలో ఉన్నా, దారిలో ఫోనొచ్చింది. శనివారం తన చేత్తో పెట్టె కట్టి నాకిచ్చాడు. వ్యాన్ తలుపు కూడా తనే వేశాడక్కా. జాగ్రత్త, వైన్ ఉంది, గతుకుల్లో కుదపకు అన్నాడు."

తన కొడుకు కానందుకు లమారాకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అలా లేచొచ్చినందుకు సిగ్గేసింది. ఎతేరి ఆవిడకి ఒకే వీధి మనిషి, ఒకే బడి, ఒకే బెంచీ. ఇక్కడికి రమ్మని పిలిచింది కూడా ఎతేరే.

"మట్టి ఎప్పుడు?"

"ఆదివారం."

"మరి ఎతేరికి?"

"చెప్పొద్దన్నారు. నిన్ను కనిపెట్టుకుని ఉండమన్నారు."

దూరాన ఉన్నవాళ్ళకి చావుకబురు ఫోన్లో చెప్పకపోవడం మావాళ్ళలో ఉన్న అలవాటే. ముందు ఒంట్లో బాగాలేదంటారు, తర్వాత ఆసుపత్రంటారు, ఆ తర్వాత ఎవరో అయినవాళ్ళని పక్కన కూర్చోబెట్టి అసలు మాట బయటపెడతారు. కానీ అదంతా ఒకటి రెండు రోజుల వ్యవహారం. ఇది అలాంటిది కాదు. ఎతేరి ఏడేళ్ళుగా ఇల్లు చూడలేదు. ఆమె చూసుకునే ముసలావిడ అసూంతా కొడుకు, దొనాతో అనే ఆయన, మొత్తానికి మనసు కరిగి, ఈమె మా ఇంట్లో పనిచేస్తోందని ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాడు. వచ్చే నెల పిలిచి వేలిముద్రలు తీసుకుంటారు. ఈలోగా దేశం దాటిందా, దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుంది. పైగా సరిహద్దులో పాస్‌పోర్టు తిరగేసి, ఇన్నాళ్ళు ఎలా ఉన్నావని అడిగి, ఐదేళ్ళదాకా గుమ్మం తొక్కొద్దని ముద్ర కొడతారు. కాగితాలు లేకుండా వచ్చినవాళ్ళకి బయటికి పోయే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, తిరిగొచ్చే దారే ఉండదు.

లమారా జుంబేర్ కూతురు తెయోనాకి ఫోన్ చేసింది. వెనక ఆడవాళ్ళ ఏడుపులు వినిపిస్తున్నాయి. తెయోనా గది తలుపు వేసుకున్నట్టుంది, ఏడుపులు దూరమయ్యాయి.

"అత్తా, నిన్ను బతిమాలుకుంటున్నా. అమ్మకి తెలియనివ్వకు."

"రేపు తెలిస్తే జన్మంతా నిన్ను తిట్టుకుంటుందే పిల్లా. కట్టుకున్నవాడి మొహం చివరిసారి చూడనివ్వరా?"

"చూస్తే మాత్రం లేస్తాడా? అమ్మ వచ్చేస్తే ఇక్కడ మా గతేంటి? నా మొగుడికి పని లేదు. నేనా, ఈ పొట్టతో ఎక్కడికి పోను? ఒక్క నెల అత్తా. వేలిముద్రలయ్యాక నేనే చెప్తా. నలభయ్యో రోజు కర్మకి దర్జాగా విమానం దిగుతుంది, మళ్ళీ దర్జాగా వెళ్తుంది."

"నాన్నేడీ అనడిగితే?"

"ఫోన్ బావిలో పడిందని చెప్పాం. నమ్మింది. ఆయన సంగతి తెలుసుగా, ఎప్పుడూ ఏదో ఒకటి బావిలో పడేస్తాడు..." అంటూనే తెయోనా ఏడుపు ఆపుకోలేక ఫోన్ పెట్టేసింది.

తనే ఎతేరి స్థానంలో ఉంటే చెప్పమంటుందా, చెప్పొద్దంటుందా? లమారా ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయింది. తేలేలోగానే ఎతేరి వచ్చేసింది.

ఆకుపచ్చ కోటు, పెదాలకి రంగు, చంకలో సంచీ. పెళ్ళికూతురిలా వచ్చింది. దూరం నుంచే చెయ్యూపుతూ అరిచింది.

"ఒసేయ్ లమారా! తారీఖు ఇచ్చారే! దొనాతో పొద్దున్నే చెప్పాడు. ఏంటే ఆ మొహం? నీకు ఇవ్వలేదని కుళ్ళా?"

"కుళ్ళు కాక మరేంటి," అంది లమారా.  ఎతేరి వాటేసుకుంటే, మొహం కనబడకుండా ఆమె భుజం మీద ఆనించి అలాగే కాసేపు ఉండిపోయింది.

అప్పుడే పోలీసు కారు మైదానంలోకి వచ్చింది. ఏ పనీ లేనట్టు మెల్లగా వ్యాన్ల చుట్టూ తిరిగింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా పెట్టెల మీదికి వంగారు. ఒకామె ఉత్తుత్తినే తాడు బిగించింది, ఇంకొకామె చంటిపిల్లల బట్టలు లెక్కపెడుతున్నట్టు నటించింది. ఎతేరి ఒక్కతే నిటారుగా నిలబడింది.

"ఇంకో నెల. ఆ తర్వాత వీళ్ళ కారుకి అడ్డంగా వెళ్ళి, బాబూ టైమెంతైందని అడుగుతా చూడు," అంది.

కారు వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందంటే మూల తిరిగింది, అంతే. మళ్ళీ వస్తుందని అందరికీ తెలుసు.

ఒతారి పెట్టె తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, మాట్లాడకుండా ఇంకో పెట్టె కోసం పోయాడు. ఎతేరి తాడు ముడి పట్టుకుని నవ్వింది.

"ఈ ముడి చూశావా? మా ఆయనదే. విప్పాలంటే పళ్ళు ఊడాలి. దూడని కట్టినా ఇదే ముడి, పెట్టె కట్టినా ఇదే."

పళ్ళతో లాగి విప్పింది. మొక్కజొన్న పిండి, పుల్ల ప్లమ్‌పళ్ళ పచ్చడి సీసా, ద్రాక్షరసంలో ముంచి ఎండబెట్టిన అక్రోటు దండలు, ఊలు మేజోళ్ళు. వాటి మధ్య, కూల్‌డ్రింకు సీసాలో గొంతుదాకా నింపిన ఎర్రటి వైన్. ఎతేరి మూత తిప్పి వాసన చూసి కళ్ళు మూసుకుంది.

"పోయినేడాదిది పుల్లగా తగలడింది. ఇది కుదిరిందే. ఇవాళ దీన్ని ఇక్కడే ఖాళీ చేస్తున్నాం. నా కాగితాల పేరు మీద."

"ఇంటికి తీసుకెళ్ళి దాచుకోవే. అంత తొందరేముంది?" అంది లమారా.

"అసూంతా ఇంట్లో నేనొక్కదాన్నే కూర్చుని తాగాలా? ఆ ముసల్దానికి నీళ్ళే అరగవు. పద పద. గులికో అక్కని పిలువు, ఆవిడ లేకపోతే విందేంటి."

వద్దంటే అనుమానం వస్తుంది. సరేనంటే కొంప మునుగుతుంది. లమారా గులికో వైపు చూసింది. ఆ గుంపులో అందరికంటే పెద్దది గులికో, విందులో మొదట గ్లాసెత్తి మాట చెప్పే పెద్దరికం ఆవిడదే. ఆవిడకీ తెలుసు. కనురెప్పలు మెల్లగా దించి, కానీ, అన్నట్టు తలాడించింది.

మైదానం చివర దేవదారు చెట్ల కింద సిమెంటు బల్ల ఉంది. దాని మీద ప్లాస్టిక్ గుడ్డ పరిచారు. ఒకరు జున్ను పెట్టి కాల్చిన రొట్టె, ఒకరు చిక్కుళ్ళ కూర తీశారు. ఇంకొకరు మామూలు రొట్టె తుంచి అందరి ముందూ పెట్టారు. కాగితపు గ్లాసుల్లో జుంబేర్ వైన్ పోశారు. ఐదుగురు ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చున్నారు. నలుగురికి తెలుసు, ఒకరికి తెలియదు.

గులికో లేచి లోకశాంతి పేరు మీద తాగించింది. తర్వాత ఎతేరి కాగితాల పేరు మీద. తర్వాత పిల్లల పేరు మీద. ప్రతిసారీ ఎతేరి మాటకి మాట అందిస్తూ, పచ్చడి బాగుందా, రొట్టె తీసుకోండి అంటూ, అందరి గ్లాసులూ నింపుతూ తిరుగుతోంది. మిగతావాళ్ళు నవ్వుతున్నారు. ఆ నవ్వులు చూడలేక లమారా సముద్రం వైపు తిరిగింది.

"ఇదేంటి గులికో అక్కా," అంది ఎతేరి ఉన్నట్టుండి. "పిల్లల దాకా వచ్చేశావు, పోయినవాళ్ళని తలుచుకోవేం? మా అమ్మ, మీ ఆయన, లమారా మొగుడు... వాళ్ళని ఎగ్గొట్టేశావా?"

గులికో ఎతేరి గ్లాసులో వైన్ పోసింది.

"ఇవాళ నీ మంచిరోజు కదమ్మా," అంది గులికో. "ఏడుపు మాటలు ఎందుకని. తర్వాత తలుచుకుందాం."

"వయసు మీద పడుతోంది నీకు," అని ఎతేరి నవ్వేసింది. నవ్వేసింది కానీ, ఒక్క క్షణం గులికో మొహం వైపు చూసిన చూపు లమారాకి నచ్చలేదు. ఇంక చాలు, చలిగాలి మొదలైంది, లేద్దాం అని నోరు తెరవబోయింది. ఎతేరి అప్పటికే గ్లాసు పైకెత్తింది.

"ఇప్పుడు నా మాట వినండి. ఈ వైన్ చేసినవాడి పేరు మీద తాగుదాం. ఏడేళ్ళు ఒంటిగా వండుకున్నాడు, కూతురి పెళ్ళి ఒంటిచేత్తో చేశాడు, నా మీద ఒక్కనాడూ విసుక్కోలేదు. విసుక్కున్నా ఫోన్ పెట్టేశాకే విసుక్కుని ఉంటాడు. నెలయ్యాక వెళ్ళి ఆ మొండిమనిషికి నేనే వండి పెడతా. నా జుంబేర్ నూరేళ్ళు బతకాలి!"

"బతకాలి," అన్నారు ఆడవాళ్ళు. అనక తప్పలేదు.

లమారా కూడా అంది. మొగుడు పోయి పద్నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో ఏ విందులో కూర్చున్నా, పోయినవాళ్ళని తలుచుకునే వేళ వస్తే, గ్లాసు కాస్త వంచి రెండు చుక్కలు రొట్టె మీద వదలడం ఆవిడకి అలవాటు. అది చనిపోయినవాళ్ళకి మాత్రమే ఇచ్చే వాటా. బతికున్న మనిషి పేరు చెప్పి రొట్టె మీద వైన్ వదిలితే ఆ మనిషిని శపించినట్టే. ఆ సంగతి మాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ లమారా బుర్రలో మధ్యాహ్నం నుంచీ ఉన్నది ఒక్కటే మాట, జుంబేర్ పోయాడు, జుంబేర్ పోయాడు అని. ఆ పేరు చెవిన పడేసరికి ఆవిడ ప్రమేయం లేకుండానే చెయ్యి వంగింది.

ఎర్రటి వైన్ తెల్లటి రొట్టెలోకి ఇంకిపోయింది.

పక్కనున్నామె "అయ్యో" అంది. గులికో చప్పున రొట్టె తీసి దాచబోయింది. అదింకా పెద్ద తప్పయింది. ఎతేరి చూడనే చూసింది. ముందు రొట్టె వైపు, తర్వాత లమారా చేతి వైపు, ఆ తర్వాత ఒక్కొక్కరి మొహం వైపూ చూసింది.

"చెయ్యి జారిందే," అంది లమారా.

"నీ చెయ్యి జారదు," అంది ఎతేరి. "ఎప్పుడు?"

లమారా గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"నిన్నే అడిగేది. ఎప్పుడు?"

"మంగళవారం," అంది లమారా. చెప్పేశాక ఆవిడకి పెద్ద బరువు దిగినట్టయింది. ఆ తేలిక ఒక్క క్షణం కూడా నిలవలేదు.

ఎతేరి నోరు తెరిచింది. మావైపు ఆడది మొగుడికోసం ఏడిస్తే వీధి చివరిదాకా వినబడాలి. జుట్టు విప్పుకుని, గుండెలు బాదుకుని, పోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచి, నన్నెవరికి వదిలావని నిలదీయాలి. అలా ఏడవకపోతే పోయినవాడికి మర్యాద కాదు. ఎతేరి గొంతులోంచి ఆ కేక బయలుదేరింది, సరిగ్గా అప్పుడే పోలీసు కారు మళ్ళీ మూల తిరిగింది.

లమారా రెండు చేతులతో ఆమె నోరు మూసేసింది.

ఆలోచించి చేసిన పని కాదది. ఆరేళ్ళుగా పట్టిన భయం ఆవిడ చేత ఆ పని చేయించింది. బల్ల దగ్గరున్న ఐదుగురిలో ఒక్కరికీ కాగితం లేదు. పిలిచి ఏంటమ్మా గొడవ అనడిగితే, పాస్‌పోర్టులు చూపించమంటే, ఐదుగురి కథా ఇక్కడితో సరి. ఎతేరి పెనుగులాడింది. అరచేతుల మధ్య ఆ కేక వేడిగా కొట్టుకుంటోంది. లమారా ఆమె తలని తన రొమ్ముకి అదుముకుంది.

కారు ఆగింది. అద్దం కిందికి దిగింది.

గులికో గ్లాసు పైకెత్తింది. పళ్ళన్నీ కనబడేలా నవ్వి, పుట్టినరోజు బాబూ, పుట్టినరోజు, అని వచ్చీరాని ఇటలీ భాషలో అరిచింది. అరిచి పాట అందుకుంది. పెళ్ళిళ్ళలో పాడే హుషారు పాట. మిగిలిన ఇద్దరూ గొంతు కలిపారు, చప్పట్లు కొట్టారు. ఒకామెకి కళ్ళనీళ్ళు ధారగా కారిపోతున్నాయి, అయినా చప్పట్లు ఆపలేదు. ఆ పాట మధ్యలో ఎతేరి తన మొగుడి కోసం ఏడ్చింది. చప్పుడు లేకుండా, లమారా కోటులో మొహం పెట్టి, గుడ్డ కొరుకుతూ ఏడ్చింది. నోరు తెరిచి ఏడవడానికి కూడా కాగితం కావలసి వచ్చింది ఆమెకి.

కుర్ర పోలీసువాడు నవ్వాడు. శుభాకాంక్షలన్నట్టు చెయ్యూపి వెళ్ళిపోయాడు.

పాట ఆగిపోయింది. లమారా చేతులు తీసేసింది. వేళ్ళ మీద పళ్ళ గుర్తులు పడ్డాయి.

చాలాసేపటికి ఎతేరి అడిగింది. "మట్టెప్పుడు?"

"ఆదివారం."

"రేపు మన కుతాయిసికి విమానం ఉంటుంది కదా."

"ఉంటుంది," అంది లమారా. "వెళ్తానంటే నేనే తీసుకెళ్తా. ఎవరేమన్నా సరే."

"వెళ్తే ఇంక ఇటు రానివ్వరమ్మా," అంది గులికో.

"నాకు తెలియదా అక్కా?"

బల్ల మీద ఫోన్ మోగింది. తెయోనా. అందరూ ఫోన్ వైపు చూశారు, ఎవరూ ముట్టుకోలేదు. ఎతేరి కోటు అంచుతో ముక్కు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఇంకోసారి సవరించుకుని తీసింది.

"ఏంటే పిల్లా! ఆఁ, పెట్టె అందింది. అన్నీ అందాయి... గొంతా? ఇక్కడ చలిగాలి, జలుబు చేసింది... తారీఖు ఇచ్చారు, వచ్చే నెలే. దొనాతో కూడా వస్తానన్నాడు." వైన్ సీసా వైపు చూసింది. "నాన్నేడీ?"

అవతల మాట లమారాకి కూడా వినబడింది. తోటలో ఉన్నాడమ్మా, కొమ్మలు కత్తిరిస్తున్నాడు.

ఎతేరి కళ్ళు మూసుకుంది.  ఇప్పుడు అనేస్తుంది, నాకు తెలుసే, బయల్దేరుతున్నా అనేస్తుంది అనుకుంది లమారా. అనాలని కోరుకుంది కూడా.

"సరే," అంది ఎతేరి. "పన్లో ఉన్న మనిషిని పిలవకు. నేనడిగానని చెప్పు. నువ్వు బరువులెత్తకు, వేళకి తిను. ఉంటా."

ఫోన్ పెట్టేసింది. ఎతేరి కుళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కుంది. పెదాల రంగు చెరిగిపోతే అద్దం తీసి మళ్ళీ వేసుకుంది. పక్కకి పోతే తుడిచి మళ్ళీ వేసుకుంది.

"నల్లబట్టలు కట్టుకోకూడదు కదా," అంది లమారాతో. "అసూంతా ఊరుకోదు, ఎవరు పోయారని అడుగుతుంది. కొడుక్కి చెప్తుంది. ఇది దేశం వెళ్ళిపోతుందేమోనని వాడు దరఖాస్తు వెనక్కి తీసుకుంటాడు." కోటు గుండీలు పెట్టుకుంది. "నడువు. ముసల్దానికి సూప్ వేళయింది."

లమారా బస్సుకోసం నిలబడలేక నడిచింది. దారిలో జాజాకి ఫోన్ చేసింది. వాడు మొదటి మోతకే తీశాడు. అందరం బాగున్నామన్నాడు. అన్నయ్య ఎలా ఉన్నాడంటే బాగున్నాడన్నాడు. వదిన? బాగుంది. నానమ్మ? బాగుంది, ఇప్పుడే పడుకుంది. లమారా రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఎర్రదీపం వెలుగుతోంది, ఆవిడ చూసుకోలేదు. ఒక కారు హారన్ కొట్టి తప్పుకుపోయింది.

"లేపు. ఒక్క మాట మాట్లాడనీ."

"ఇప్పుడే పడుకుందంటే వినవేంటమ్మా. పెద్దదాన్ని లేపితే విసుక్కుంటుంది. రేపు మాట్లాడిస్తాలే."

"జాజా, నిజం చెప్పు. ఇంట్లో ఏదైనా జరిగితే నాకు చెప్తావా?"

అవతల గది తలుపు వేసిన చప్పుడు వినబడింది.

"ఏం జరుగుతుందమ్మా?" అన్నాడు వాడు. "నువ్వు లేనిపోనివి ఆలోచించకు. ఆరోగ్యం చూసుకో."

చెప్తానని మాత్రం అనలేదు.